చుక్కలు, గీతలు

మూడవ తరగతి చదువు పిల్లవానిని వానను గూర్చి అడిగినచో ఊరకుండడు. చెరువు నిండిన సంగతి, రాత్రియంతయు కప్పలు అరచిన సంగతి, మేడమీద ఎండబెట్టిన వడియములు తడిసి అమ్మమ్మ చీవాట్లు పెట్టిన సంగతి ఒకదాని వెంట నొకటిగా చెప్పుకొనిపోవును. ఆ పిల్లవానినే ‘వానను గురించి ఐదు వాక్యములు వ్రాయుము’ అన్నచో ‘వాన కురియును’ అని ఒక్క వాక్యము వ్రాసి కలము కొరుకుచు కూర్చుండును. వానికి తెలివి లేదని ఉపాధ్యాయుడును, శ్రద్ధ లేదని తండ్రియు తేల్చివేయుదురు. వానికి కొరవడినది ఆ రెండును కాదు. మాటాడునపుడు ఎదుటివారు ‘ఊఁ’ కొట్టుచుందురు, ‘తరువాత ఏమైనది?’ అని అందించుచుందురు. కాగితము ఊకొట్టదు. తలలోనున్న పది సంగతులును ఒక్కమారే గుమ్మము కడకు వచ్చి తొక్కిసలాడుకొనును.

ఈ తొక్కిసలాటను తీర్చుటకు ప్రాథమిక పాఠశాలలలో కొందరు ఉపాధ్యాయులు ఒక సులువైన ఉపాయము వాడుచున్నారు. కాగితము నడుమ ‘వాన’ అని వ్రాసి చుట్టును ఒక సున్న చుట్టింతురు. మబ్బు, చెరువు, కప్ప, వడియములు, వరినాట్లు - తోచినది తోచినచోట వ్రాయవచ్చును. వరుసతో పని లేదు, తప్పన్నది లేదు. అటుపిమ్మట దేనికి దేనితో పొత్తు కలదో గీతలు గీయవలెను. ఇంటి ముంగిట తల్లి ముందుగా చుక్కలు పెట్టి, ఆనక గీతలు కలిపి ముగ్గు తీర్చుట చూచి పెరిగిన బిడ్డకు ఇది క్రొత్త విద్య కాదు. వంశవృక్షమును, వైకుంఠపాళిని ఎరిగిన ఇండ్లలో, తలపునకు రూపము గీయవచ్చునన్న మాట వింతయు కాదు.

ఇట్టి పటములలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికా దేశమున కార్నెల్ విశ్వవిద్యాలయములో పుట్టినది. ఆ పుట్టుక కథ వినదగినది. జోసెఫ్ నోవాక్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును చిన్న తరగతుల పిల్లలకు విజ్ఞానశాస్త్ర పాఠములు చెప్పించి, వారి అవగాహన ఏండ్ల తరబడి ఎట్లు మారునో పరిశీలింప బూనిరి. ఆ పరిశీలనము పన్నెండేండ్లు సాగినది. పిల్లలను కూర్చుండబెట్టుకొని ప్రశ్నించి, వారు చెప్పిన మాటలన్నియు కాగితములకెక్కించిరి. కట్టలు పేరుకొన్నవే కాని, ఏ పిల్లవానికి ఏది బోధపడినదో, ఏది పడలేదో వానిలోనుండి తేటపడలేదు. అపుడు, 1972లో, ఒక్కొక్క పిల్లవాని మాటలలోని ముఖ్యభావములను ఏరి, గీతలతో కలిపి, పటముగా గీచి చూచిరి. క్రొత్త సంగతి పాత ఎరుకకు ముడిపడినపుడే మనస్సున నిలుచునన్న డేవిడ్ ఆసుబెల్ సిద్ధాంతము వారికి దారి చూపినది. అనగా ఈ భావపటము మొదట పిల్లలకు నేర్పుటకై పుట్టినది కాదు. పిల్లలలో ఏమున్నదో పెద్దలు తెలిసికొనుటకై పుట్టినది. ఈ సంగతిని మన బడులు తరచుగా మరచుచున్నవి.

భావపటములో గీతకు ప్రాణము దానిమీద వ్రాసిన మాట. ‘వేరు’, ‘నీరు’ అను రెండు మాటల నడుమ గీత గీయుమన్నచో తరగతిలో అందరును గీయుదురు. ఆ గీతమీద ఒకడు ‘పీల్చును’ అని వ్రాయును. ఒకతె ‘త్రాగును’ అని వ్రాయును, అదియు మేలే. మూడవవాడు ‘ఇచ్చును’ అని వ్రాసినాడనుకొందము. వేరునుండి నీరు పుట్టునని వాడింతకాలము నమ్మియున్నాడన్నమాట. ఖాళీలు పూరింపుమను ప్రశ్నలో ఈ పొరపాటు బయటపడకయే పోవచ్చును. ఇచట ఒక్క మాటతో బయటపడినది.

పోల్చి చూచుటకు వేరొక పటము కలదు. ఆంగ్ల తార్కికుడు జాన్ వెన్ 1880లో ప్రకటించిన వలయములు అవి. ఒక వలయమున ‘ఎగురునవి’, దానిని కొంత కప్పుచు రెండవ వలయమున ‘పిల్లలకు పాలిచ్చునవి’ అని వ్రాసి, జంతువుల పేర్లు సర్దుమనవలెను. పావురము ఒక ప్రక్కను, ఆవు మరియొక ప్రక్కను తేలికగనే కుదురుకొనును. గబ్బిలము వచ్చునప్పటికి తరగతిలో జగడము మొదలగును. పక్షి యని కొందరు, కాదని కొందరు. రెండు వలయములును కలిసిన నడిమి చోటు అంతవరకు ఖాళీగా నున్నదని ఎవరో ఒకరు కనుగొందురు. ‘మరి చేప?’ అని ఇంకొకరు లేచి అడుగుదురు. చేపకు రెండు వలయముల వెలుపలనే చోటు. లోపలికి రానిదానికిని ఒక తావు కలదని ఎనిమిదేండ్ల వయసున తెలియుట చిన్న విషయము కాదు.

ఇక ఇందలి కీడు కూడ చెప్పవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2011 నాటి విద్యాప్రణాళిక తరువాత వెలువడిన విజ్ఞానశాస్త్ర పుస్తకములలో బొమ్మలు గీయుట, నమూనాలు చేయుట ఒక విద్యాప్రమాణముగా చేరినది. మంచి మాటయే. కాని మార్కులు వచ్చునన్న ప్రతిదానికిని మనవద్ద నకలు సిద్ధమగును. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద చక్కని పటమొకటి గీయును. నలుబది మంది పిల్లలు దానిని నలుబది పుస్తకములలో ఎక్కించుకొందురు. గీతలు వంకరపోలేదు, రంగులు చెదరలేదు, తనిఖీకి వచ్చినవారికి కన్నుల పండువ. ఆ నలుబదింటిలో ఏ ఒక్క పిల్లవాని తలపును లేదు. కంఠస్థము చేసిన పద్యమైనను ఏనాటికో అర్థమై ఉపకరించును. నకలు తీసిన పటమున కాపాటి భవిష్యత్తు కూడ లేదు. పిల్లవాడు గీచినది మొదట వికారముగనే యుండును. చెరిపి, కొట్టివేసి, గీత మార్చినపుడు వాని ఆలోచన కదలుచున్నదని గ్రహింపవలెను.

వాన పటము గీచిన పిల్లవాడు మబ్బును, చెరువును, నాట్లను గీతలతో కలిపినాడు. ‘వడియములు’ మాత్రము కాగితము మూల ఒంటరిగా మిగిలినవి. వానిని కొట్టివేయుమని ఉపాధ్యాయుడు అనలేదు. ‘ఇవి ఇక్కడికెందుకు వచ్చినవిరా?’ అని మాత్రమడిగెను. పిల్లవాడు కొంతసేపు చూచి, వాననుండి వడియములకు గీత గీచి ‘తడిపినది’ అని వ్రాసెను. వడియములనుండి ఇంకొక గీత సాగదీసి, దాని చివర ‘అమ్మమ్మ’ అని పెట్టి, నడుమ ‘కోపము’ అని వ్రాసెను. ఆ తరువాత ఎవరును చెప్పకమునుపే కలము తీసికొని రెండవ వాక్యము మొదలుపెట్టెను.