తోటగట్టుపై అగ్గిపెట్టెయంత బుద్ధి

చిత్తూరు సీమలో మామిడితోటలు గల రైతులకు బోరుబావి కష్టమును వేఱుగ వర్ణింపనక్కఱలేదు. పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలో నీటికొఱకు భూమిని వేయి అడుగుల లోతునకు దొలుచుట నేడు వింత గాదు. అంతలోతున మునిగియున్న మోటారును నడపుటకు గట్టుపై నొక యినుపపెట్టె యుండును. పూర్వము కరెంటు వచ్చువేళ కనిపెట్టి, అర్ధరాత్రమున పాములనక తేళ్లనక పోయి, ఆ పెట్టె మీట నొక్కవలసియుండెను. ఇప్పుడు రైతు తన యింటి యరుగుపై కూర్చుండి పెట్టెకు ఫోను చేయుచున్నాడు. పెట్టె బదులు పలుకుచున్నది, మోటారు తిరుగుచున్నది.

ఆ పెట్టెలోనుండి బదులు పలుకునది గోరంత నల్లని చిప్పు. మూడు ఫేజుల వోల్టేజిని, మోటారు గుంజుకొను కరెంటును అది క్షణక్షణము కొలుచుచుండును. ఒక ఫేజు పోయెనా, మోటారు చుట్ట కాలకమునుపే దానిని ఆపివేయును. బోరులో నీరడుగంటినచో పంపునకు బరువు తగ్గి, కరెంటు హఠాత్తుగ పడిపోవును. ఆ తగ్గుదలను గుర్తించి, వట్టి తిరుగుడు తిరుగుచున్న మోటారును నిలిపి, నీరూరుటకు కొంత యెడమిచ్చి మరల నడపును. అనుభవము గల పంపు మేస్త్రీ చేయు పని యిది. అయితే యీ మేస్త్రీ నిదురపోడు, జీతమడుగడు.

పాలకేంద్రమునకు పోయి చూడుడు. చెంబెడు పాలు పోసిన నిమిషములో వెన్నశాతము, బరువు, ధర చీటీపై అచ్చయి వచ్చుచున్నవి. ఇంటి గోడనున్న కరెంటు మీటరు, అంగడిలోని తూకపు యంత్రము, ఆసుపత్రిలో రక్తపుపోటు కొలుచు పెట్టె, ఇవన్నియు నిట్టివే. పైకి చూచిన కంప్యూటరనిపించదు, లోపల కంప్యూటరే. ఒక్క పనికై నియమింపబడి, ఆ యంత్రములోనే యిమిడియుండు నిట్టి గణకమును ఇంజనీర్లు ఎంబెడెడ్ వ్యవస్థ యందురు.

దీని పుట్టుక విచిత్రమైనది. బిజికామ్ అను జపాను కంపెనీ లెక్కలయంత్రములకు చిప్పులు కావలెనని అమెరికాలోని ఇంటెల్ వారిని కోరగా, ఆ బేరమునుండి 1971లో 4004 అను మైక్రోప్రాసెసరు వెలువడెను. దానిలోని ట్రాన్సిస్టర్లు 2,300. లెక్కలకై పుట్టిన యీ శిశువు పిమ్మట ప్రపంచపు యంత్రములన్నిటను ప్రవేశించినది.

అయితే చిప్పు చేతికి వచ్చినంతమాత్రమున పెట్టె తయారు కాదు. దానికి తోడుగ మెమరీ కావలెను, కాలము కొలుచు స్ఫటికము కావలెను, విద్యుత్తును సమముగ నందించు రెగ్యులేటరు కావలెను. పెద్ద ప్రాసెసర్లయెడ నింకొక చిక్కు కలదు. ప్రాసెసరునకును మెమరీకిని నడుమ నడచు సంకేతములు సెకనుకు కోట్లకొలది మాఱులు మాఱును. బోర్డుపై తీగల పొడవులలో స్వల్పభేదము వచ్చినను లెక్క తప్పును. అందుచేత ఆఱు పొరలు, ఎనిమిది పొరలు గల బోర్డులు గీయవలసియుండును. ఒక పట్టణపు చిన్న కర్మాగారమునకు అది తలకు మించిన పని.

ఈ చిక్కును తప్పించుటకే కోర్ మాడ్యూలు పుట్టినది. ప్రాసెసరు, మెమరీ, స్ఫటికము, రెగ్యులేటరు, వీనినన్నిటిని అగ్గిపెట్టెయంత బిళ్లపై ముందే అమర్చి, పరీక్షించి, అంచులయందు కాళ్లు పెట్టి యమ్ముదురు. కొనినవాడు తన పనికి వలసిన రిలేలు, కొలతసాధనములు, ఫోను మాడ్యూలు గల సులభమైన రెండు పొరల బోర్డును తానే గీసి, దానిపై ఈ బిళ్లను గ్రుచ్చుకొనును. బండి చేయు వడ్రంగి యిరుసును కమ్మరి కొలిమినుండి తెచ్చుకొనును. ఇరుసు తాను చేయలేదని బండి తనది కాకపోదు. ఇందొక అపాయమును గలదు. ఆ బిళ్లను చేయువాడు దానిని మానివేసినచో దానికై గీసిన బోర్డు వ్యర్థము. కావున తెలిసినవారు ధరకంటె ముందు, ఇది యెన్నియేండ్లు దొరకునని యడుగుదురు.

ఈ ప్రశ్న యెంత ముఖ్యమో మాకు గత వేసవిలో తెలియవచ్చెను. మా యెఱుకలోని యొక తోటలో ఇట్టి స్టార్టరు పెట్టె చెడినది. మేస్త్రీ విప్పి చూచెను. రిలే తిరుపతిలో దొరకును, కెపాసిటరు దొరకును. చెడినది మాత్రము చిప్పు. అది పరదేశపుది. దానిలోని ప్రోగ్రాము తాళము వేసియున్నది. చేసినవారు ఇయ్యరు, మఱియొకరు వ్రాయలేరు. పెట్టెనే మార్పవలసివచ్చినది. క్రొత్తది వచ్చులోపల ఆ సంవత్సరము నాటిన మామిడి మొక్కలలో పెక్కు మాడిపోయినవి. తోట మనది, నీరు మనది, మోటారు కోయంబత్తూరుది. వీనినన్నిటిని నడపు తలకాయ మాత్రము మనది కాదు. 2021లో చిప్పుల కొఱత ప్రపంచమంతట వ్యాపించినప్పుడు మహా మోటారు కంపెనీలే కార్ల తయారీ నిలుపుకొని కూర్చుండెను. ఇక తోటకాపరి మాట చెప్పవలెనా?

ఈ యవస్థకు మందు మన పొరుగుననే పరీక్షింపబడినదన్న సంగతి మనలో పెక్కుర కెఱుకలేదు. శ్రీహరికోట 2022 ఏప్రిలు 4వ తేదీనుండి తిరుపతి జిల్లాలోనిది. 2024 డిసెంబరు 30వ తేదీ రాత్రి పది గంటలకు అచ్చటినుండి పి.ఎస్.ఎల్.వి. సి-60 రాకెట్టు ఎగసెను. రెండు ఉపగ్రహములు ఆకాశమున కలిసికొను స్పేడెక్సు ప్రయోగమునుగూర్చి పత్రికలన్నియు వ్రాసినవి. కాని ఉపగ్రహములను విడిచిన పిమ్మట కక్ష్యలో మిగిలిన రాకెట్టు భాగమున మఱియొక పరీక్ష జరిగినది. ఆ భాగపు కార్యనిర్వాహక కంప్యూటరులో విక్రమ్ 3201 అను 32 బిట్ల స్వదేశీ మైక్రోప్రాసెసరు పనిచేసినది. తిరువనంతపురములోని విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రమును, చండీగఢ్ చెంతనున్న సెమీకండక్టరు ప్రయోగశాలయు కలిసి దీనిని రూపొందించినవి. దీని పెద్దన్నయగు 16 బిట్ల విక్రమ్ 1601 మన రాకెట్లను 2009నుండి నడుపుచున్నది. 2025 సెప్టెంబరు 2వ తేదీన ఢిల్లీలో ఈ 3201 ప్రధానమంత్రి చేతికి అందింపబడినప్పుడు దేశమంతయు దాని పేరు వినెను.

ఇది 180 నానోమీటర్ల పాతపద్ధతిలో చేసినదని కొందఱు పెదవి విఱుచుదురు. తైవానులో మూడు నానోమీటర్ల పద్ధతి వాడుకలో నున్న మాట నిజమే. అయినను 180 నానోమీటర్లనగా వెండ్రుక మందములో నాలుగువందలవ వంతుకంటె తక్కువ. గడ్డకట్టు చలికిని, కాల్చు వేడికిని, ఆకాశమందలి కిరణముల తాకిడికిని ఓర్చుటలో ముతక తీగయే మేలు. ముతక నూలని ఖద్దరును త్రోసివేసినవారు మనలో నుండిరి. వారి వాదమిప్పుడు వేఱు వేషమున వచ్చుచున్నది.

రాకెట్టునకు పనికివచ్చునది తోటకు పనికివచ్చునా యని యడుగవచ్చును. ఆ చిప్పు నేరుగా తోటకు రాదు. తోటకు తగినది వేఱొక దారిన వచ్చుచున్నది. ప్రాసెసరు అర్థము చేసికొను ఆజ్ఞల పట్టిక దాని వర్ణమాల వంటిది. ఫోనులలోని ప్రాసెసర్లు పెక్కు ఆర్మ్ అను బ్రిటిషు కంపెనీ వర్ణమాలను వాడును. వాడినందుకు రుసుము చెల్లింపవలెను. ఉప్పుపై పన్నునెఱిగిన దేశమునకు అక్షరములపై రుసుమన్న నెట్లుండునో చెప్పనేల? 2010లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున రిస్క్-ఫైవ్ అను వర్ణమాల పుట్టినది. దానిని ఎవ్వరైనను రుసుములేక వాడుకొనవచ్చును. మదరాసు ఐ.ఐ.టి.లో ఆచార్య కామకోటి బృందము దానిపై శక్తి యను ప్రాసెసర్లను నిర్మించినది. 2018లో శక్తి చిప్పు ఒకటి అమెరికాలో ఇంటెల్ వారి కర్మాగారమునను, రిమో అను మఱియొకటి చండీగఢ్ ప్రయోగశాలయందును తయారైనవి. అనగా రూపకల్పన మనదైనను, చిప్పు చేయు కొలిమి యంతయు మనది కాలేదు. ఈ సత్యమును మఱుగుపఱచి జయధ్వానములు చేయుట మాకిష్టము లేదు.

కేంద్రప్రభుత్వ సంస్థయగు సి-డాక్ వారు అదే వర్ణమాలపై తేజస్ 32 అను చిన్న చిప్పును రూపొందించి, ఏరీస్ అను పేరుగల బోర్డులపై నమర్చి విడుదల చేసినారు. దాని వేగము సెకనుకు పదికోట్ల అడుగులు. మెమరీ 256 కిలోబైట్లు. చిత్రములు చూపు ఫోనునకు ఇది చాలదు. బోరు మోటారును కాచుటకు చాలును, మిగులును.

మఱి మన యూరివారేమి చేయుచున్నారు? శ్రీసిటీలో 2015నుండి ఫోనుల కూర్పు సాగినది. రేణిగుంట చెంత ఎలక్ట్రానిక్ కర్మాగారములు వెలసినవి. టెలివిజను తెరలు, కెమెరా భాగములు అచ్చట తయారగుచున్నవి. మన పల్లెల ఆడుబిడ్డలు వేలమంది అచ్చట జీతములు తెచ్చుకొనుచున్నారు. అది మేలే. కాని పరదేశమునుండి వచ్చిన ముక్కలను పరదేశపు పటము చూచి కూర్చుటయే మన పనియైనచో, ముక్కలు రాని దినమున మన చేతులు ఖాళీ. 1954లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము మనకున్నది. 2015లో తిరుపతి ఐ.ఐ.టి. వచ్చినది. శ్రీసిటీలో ఐ.ఐ.ఐ.టి. కలదు. పరీక్షలకై చేసి అటకపై బెట్టు విద్యార్థుల నమూనాలలో పదింట ఒకటి తోటకు దిగినను చాలునని మా యాశ. భూవసతి గల పెద్దలు ఇంటిస్థలములపై పెట్టు ధనములో కొంత ఇట్టి చిన్న కర్మాగారమునకు పెట్టుబడిగా నిచ్చినయెడల, రెండు పొరల బోర్డు గీయుటకు తిరుపతి దాటిపోవలసిన పని లేదు.

ఉత్సాహము గల యువకులకు ఒక మాట. ఏరీస్ బోర్డును, యు.ఎస్.బి. తీగను కొని, ఆర్డుయినో అను ఉచిత సాఫ్ట్‌వేరుతో ఇంటిలోని కంప్యూటరునుండియే ప్రోగ్రాము వ్రాయవచ్చును. ప్రోగ్రాము ఎచ్చటనైన చిక్కుకొనినచో దానిని తట్టిలేపి మొదటినుండి నడపు వాచ్‌డాగ్ టైమరును మఱువరాదు. నిర్జనమైన తోటలో వేఱొకరు వచ్చి మీట నొక్కరు. రిలేకు తొలుత మోటారును గాక నలువది వాట్ల దీపమును కలిపి, వారము దినములు వెలిగించి ఆర్పి చూడవలెను. మూడు ఫేజుల కరెంటు నాలుగువందల వోల్టులకు పైబడినది. దానిని ముట్టునాడు లైసెన్సు గల ఎలక్ట్రీషియను ప్రక్కనుండవలెను.