చెవిలో బిరడా, బయట రొద

బందరు స్టేషనులో పాసింజరు బండి ఇంకా కదలలేదు. మీరు కిటికీ పక్కన కూర్చుని ఇయర్‌ఫోనులో పాట వింటున్నారనుకోండి. ఫోనులో శబ్దం 5వ మెట్టు మీద ఉంది. హాయిగా వినిపిస్తోంది. బండి కదిలి పెడన దాటేసరికి చక్రాల రొదలో పాట మునిగిపోయింది. మీ వేలు తనంతట తానే ఫోను మీదికి పోతుంది. 5 కాస్తా 10 అవుతుంది. గుడివాడలో బండి ఆగగానే అదే పాట చెవిలో ఎవరో అరిచినట్టు ఉంటుంది. పాట మారలేదు, రొద ఆగింది, అంతే. అంటే దారి పొడుగునా మీ కర్ణభేరి మీద పడింది ఆ అరుపేనన్నమాట!

ఇయర్‌ఫోను కొనేటప్పుడు "పాట బాగుంటుందా?" అని అందరూ అడుగుతారు. "బయటి రొదను ఎంత ఆపుతుంది?" అని అడిగేవారు తక్కువ. నన్నడిగితే రెండో ప్రశ్నే ముందు అడగాలి.

చెవి గుంటలో ఊరికే ఆనుకుని ఉండే ఇయర్‌ఫోను ఒక రకం. చుట్టూ ఉన్న సందుల్లోంచి బయటి శబ్దం యథేచ్ఛగా లోపలికి వస్తుంది. చెవి కాలువలోకి దూరేది మరో రకం. పెద్దవారిలో ఈ కాలువ పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని మొదట్లో సిలికాన్ రబ్బరు టిప్పు గానీ, నొక్కి పెడితే మళ్ళీ ఉబ్బే ఫోమ్ టిప్పు గానీ సీసాకు బిరడాలా బిగుసుకుంటుంది. ఫోమ్ సందులను బాగా పూడుస్తుంది, కాని త్వరగా మాసిపోతుంది.

ఈ బిరడా రొదను ఆపడమే కాదు, పాటను కూడా మారుస్తుంది. సైకిలు పంపులో వాషరు అరిగితే ఏమవుతుంది? ఎంత కొట్టినా గాలి పక్కనుంచి జారిపోతుంది. ఇక్కడా అంతే. మృదంగం ఎడమవైపు పలికే మంద్రమైన నాదంలో గాలి పీడనం నిదానంగా పెరిగి తగ్గుతుంది. సందు ఉంటే జారిపోవడానికి దానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. తారస్థాయి శబ్దానికి అంత వ్యవధి ఉండదు. అందుకే టిప్పు వదులైతే పాట పల్చగా వినిపిస్తుంది. "ఇందులో బేస్ లేదు" అని పారేసే ఇయర్‌ఫోనుల్లో కొన్నింటి తప్పు టిప్పుదే.

అయితే బిరడా అన్ని శబ్దాలనూ ఒకేలా ఆపదు. పౌనఃపున్యం ఎక్కువగా ఉన్న శబ్దం బిరడాను ఒకవైపు నెట్టేలోపే పీడనం దిశ మార్చుకుంటుంది. బిరడా దాదాపు కదలదు, శబ్దం లోపలికి పోదు. రైసుమిల్లు మోటారు హోరు, దివిసీమ లంకల్లో పంటు మీద డీజిల్ ఇంజిను మోత అలా కాదు. అవి మంద్రశబ్దాలు, బిరడాను కొద్దికొద్దిగా ఊపుతూ దూరతాయి. పైగా ఎముక ద్వారా కూడా శబ్దం లోపలి చెవికి చేరుతుంది. రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని "మ్‌మ్‌మ్" అని చూడండి. మీ గొంతు మీకే ఇంకా గట్టిగా వినిపిస్తుంది!

బిరడా చేతకాని ఈ మంద్ర రొదను శబ్దంతోనే అణచవచ్చు. ఒక తరంగపు శృంగం మీద మరో తరంగపు ద్రోణి పడితే రెండూ చెల్లిపోతాయి. ఈ ఉపాయానికి పాల్ లూగ్ అనే జర్మన్ 1936లో అమెరికాలో పేటెంటు పొందాడు. హెడ్‌ఫోనులో దీన్ని వాడాలన్న ఆలోచన అమర్ బోస్‌కు 1978లో విమానంలో వచ్చింది. ఆయన తండ్రి బెంగాలీ. నేటి ఇయర్‌ఫోనులు కొన్నింటిలో చిన్న మైకు బయటి రొదను పసిగడితే, లోపలి సర్క్యూటు దానికి వ్యతిరేక తరంగాన్ని పుట్టిస్తుంది. ఇది చక్రాల హోరును బాగా తగ్గిస్తుంది, పక్కవారి మాటలను అంతగా తగ్గించలేదు.

ఇంత తాపత్రయం ఎందుకంటారా? డెసిబెల్ లెక్క చూడండి. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లవుతుంది. పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే లెక్కన 90 అయితే 4 గంటలే, 100 అయితే 24 నిమిషాలే. పిల్లలకైతే 40 గంటల హద్దు 75 డెసిబెల్స్ దగ్గరే. లోపలి చెవిలో ఉండే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15,000. పక్షుల్లో ఇవి చచ్చినా మళ్ళీ పుడతాయి, మనలో పుట్టవు. రొద దెబ్బ తరచు ముందుగా 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో తగులుతుంది. అప్పుడు మాట వినిపిస్తుంది గాని "తల" అన్నారో "కల" అన్నారో తేలదు.

ఇక మీ దగ్గర, మీ స్నేహితుల దగ్గర ఉన్న ఇయర్‌ఫోనులను పోల్చి చూడండి. ఎవరైనా చదివిన పాఠాన్ని ఫోనులో రికార్డు చేయండి. రాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మాటలు తెలిసే అతి తక్కువ మెట్టు ఏదో రాసుకోండి. తర్వాత రైల్లో కూర్చునో, ఏరేటర్లు తిరిగే చెరువు గట్టున నిలబడో అదే చూడండి. ఒకటి 2 నుంచి 7కి, మరొకటి 3 నుంచి 5కి పెంచవలసి వచ్చిందనుకోండి. తేడాలు 5, 2. రెండోదే రొదను బాగా ఆపింది. 7నీ 5నీ నేరుగా పోల్చకూడదు, ఎందుకంటే ఒకే మెట్టు మీద అన్ని ఇయర్‌ఫోనులూ ఒకే శబ్దం ఇవ్వవు. ఫోను, రికార్డు, చోటు మాత్రం మార్చవద్దు. మెట్లన్నీ సమానం కావు కనుక ఇది ఉజ్జాయింపే. రోడ్డు మీద, రైలు గేటు దగ్గర మాత్రం ఈ ప్రయోగం వద్దు. బిరడా పాటకు అడ్డొచ్చే రొదనే కాదు, వెనక వచ్చే లారీ హారన్‌నూ ఆపుతుంది.

చివరగా ఒకే ఇయర్‌ఫోనుకు చిన్న, మధ్యస్థ, పెద్ద టిప్పులు మార్చి మూడుసార్లు కొలవండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు, విడివిడిగా చూడండి.