మీకు వినపడుతుంది, అవతలి వాళ్లకే వినపడట్లేదా? కొత్త ఫోన్ కొనే ముందు ఇవి చెక్ చేయండి

“వాడి మాట నాకు బాగా వినపడతా ఉంది రా. నేను మాట్లాడేదే వాడికి పోలేదు.”

తిరుపతిలో ఉండే మా పెద్దమ్మ కంప్లైంట్ ఇది. అన్న కువైట్‌లో పని చేస్తాడు. డ్యూటీ దిగి వాట్సాప్ కాల్ చేసేటప్పటికి ఇక్కడ టైమ్ రెండున్నర గంటలు ముందుంటుంది. పెద్దమ్మ నిద్ర ఆపుకుని కూర్చుంటే, అన్న “అమ్మా, హలో, హలో” అని కట్ చేసేస్తున్నాడు. నాలుగు రోజులు ఇదే కథ. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, కొత్త ఫోన్ తీసుకోమన్నారట.

ఒక వైపే ఎందుకు పోతుంది?

కాల్ అంటే ఒకటే లైన్ అనుకుంటాం. ఇంటర్నెట్ కాల్‌లో అలా ఉండదు. రింగ్ మోగించి కాల్ కలపడం సర్వర్ పని. కలిశాక మీ గొంతు ఒక స్ట్రీమ్‌గా, అవతలి వాళ్ల గొంతు ఇంకో స్ట్రీమ్‌గా వెళ్తాయి. అందుకే టైమర్ నడుస్తున్నా, ఒక స్ట్రీమ్ ఆగితే ఒకరికే వినపడుతుంది. మనం చేసే తప్పేంటంటే, వినపడని వాళ్ల ఫోన్‌ని అనుమానిస్తాం. ముందు చూడాల్సింది గొంతు బయల్దేరే ఫోన్‌ని.

ముందు వాయిస్ నోట్ టెస్ట్

బ్లూటూత్ ఆఫ్ చేయండి. పక్క గదిలో ఉన్న ఇయర్‌బడ్స్‌కి ఫోన్ కనెక్ట్ అయ్యుంటే, వాటి మైకే మీ మాట వింటూ ఉంటుంది. తర్వాత ఎవరి గొంతు పోవట్లేదో వాళ్లు అదే యాప్‌లో వాయిస్ నోట్ రికార్డ్ చేసి వినాలి. క్లియర్‌గా ఉంటే మైక్, పర్మిషన్ రెండూ ఓకే, నెట్‌వర్క్ వైపు వెళ్లండి. లేకపోతే సమస్య ఫోన్‌లోనే.

ఫోన్‌లో చూడాల్సినవి

- సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి మైక్రోఫోన్ పర్మిషన్ ఉందా?
- ఆండ్రాయిడ్ 12 నుంచి క్విక్ సెట్టింగ్స్‌లో మైక్ మొత్తాన్ని ఆపే బటన్ ఉంటుంది. పొరపాటున నొక్కేశారేమో చూడండి.
- స్పీకర్ ఆన్ చేసి మాట్లాడండి. చాలా ఫోన్లు అప్పుడు ఇంకో మైక్ వాడతాయి. స్పీకర్‌లో వినపడితే కింది మైక్ మూసుకుపోయి ఉండొచ్చు.
- పౌచ్ తీసేసి, మెత్తటి బ్రష్‌తో మైక్ రంధ్రం తుడవండి. పిన్నుతో మాత్రం పొడవొద్దు, మైక్ పోతుంది.

నెట్‌వర్క్ అయితే

ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వైఫై నుంచి మొబైల్ డేటాకి మారి చూడండి. వీపీఎన్ ఉంటే ఆపండి. ఎవరు మారితే బాగైందో, తప్పు వాళ్ల కనెక్షన్‌లో ఉంది.

ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం 430 కోట్లే కాబట్టి, ఇంట్లో ఫోన్లన్నీ రూటర్ దగ్గరున్న ఒకే అడ్రస్‌ని పంచుకుంటాయి. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ ఏ ఫోన్‌దో రూటర్‌కి తెలియకపోతే పడేస్తుంది. అప్పుడు మాత్రం తప్పు వినేవాళ్ల వైపు ఉన్నట్టే. రూటర్ రీస్టార్ట్ చేయండి. ఫైబర్ బాక్స్ వెనక ఇంకో రూటర్ పెట్టుకుంటే, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి. ఆఫీసు సిప్ ఫోన్లలో ఈ సమస్య వస్తే రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేయండి. సాయం చేయడానికి పెట్టిన ఆ ఫీచరే చాలాసార్లు ఆడియోని తప్పు అడ్రస్‌కి పంపిస్తుంది.

దుబాయ్‌లో మీవాళ్లుంటే ఇంకో మాట. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి. ఫోన్ ఎంత రిపేర్ చేసినా లాభం లేదు, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడాలి.

మరి పెద్దమ్మ ఫోన్?

వాయిస్ నోట్‌లో ఏదో గుసగుస తప్ప మాట లేదు. స్పీకర్ పెడితే క్లియర్. పౌచ్ తీసి చూస్తే మైక్ రంధ్రం నిండా పిండి. ఆమెది టిఫిన్ అంగడి మరి! పాత టూత్ బ్రష్‌తో పది నిమిషాల పని. ఖర్చు సున్నా.

ఆ రాత్రి అన్న అడిగిన మొదటి మాట: “ఏమ్మా, కొత్త ఫోన్ కొన్నావా?”