‘జాబితాలో లేదు’ అని కంప్యూటర్ చెప్పినప్పుడు

2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో ఒక అఫిడవిట్ వేసింది. 1931 జనగణనలో తేలిన కులాలు 4,147 అయితే, 2011 సామాజిక, ఆర్థిక కుల గణనలో 46 లక్షలకు పైగా కులాల పేర్లు వచ్చాయని, అందుకే ఆ లెక్క వాడుకకు పనికిరాదని అందులోని వాదన. ఎనభై ఏళ్లలో కులాలు వెయ్యి రెట్లు పెరగవు కదా. ఎన్యూమరేటర్లు ఒకే కులాన్ని తలా ఒక స్పెల్లింగుతో రాశారు, ఉపకులం చెబితే ఉపకులం, ఇంటిపేరు చెబితే ఇంటిపేరు రాసుకున్నారు. కంప్యూటర్ ప్రతి రాతనూ ఒక కొత్త కులంగా లెక్కేసింది.

వచ్చే జనగణనలో కులాల వివరాలు సేకరించాలని 2025 ఏప్రిల్ 30న కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. మళ్లీ అదే సాకు వినకూడదంటే, ‘ఈ పేరు జాబితాలో ఉందా?’ అనే ప్రశ్నకు ప్రోగ్రామ్ ఎలా జవాబిస్తుందో మనకు తెలిసి ఉండాలి.

పైథాన్ భాషలో ఈ ప్రశ్న అడగడానికి ‘ఇన్’ అనే ఒక్క మాట చాలు. ఎడమవైపు పేరు, కుడివైపు జాబితా పెడితే ట్రూ లేదా ఫాల్స్ అని జవాబు వస్తుంది. మూడో జవాబు లేదు. కుడివైపు ఉన్నది లిస్ట్ అయితే మొదటి పేరు నుంచి ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతుంది. సెట్ అయితే పేరును బట్టి హాష్ అనే సంఖ్య కట్టి నేరుగా ఆ అరలోనే వెతుకుతుంది. తెలంగాణ ఎస్సీ జాబితాలోని 59 కులాలకు ఈ తేడా తెలియదు, కోట్ల కుటుంబాల రాతలను వేల పేర్లతో సరిచూసేటప్పుడు తెలుస్తుంది. పాఠాలు సాధారణంగా ఈ వేగం దగ్గరే ఆగిపోతాయి. మాకు ముఖ్యమైనది ఆ తర్వాతిది.

కంప్యూటర్‌కు ‘సమానం’ అంటే ఉచ్చారణ కాదు, అర్థం కాదు. అక్షరాల వెనకున్న సంకేతాలు తు.చ. తప్పకుండా ఒకటే కావాలి. ‘బైండ్ల’నే తీసుకోండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా ఎత్వానికి కింద ఇంకో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోలిస్తే ఫాల్స్. పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఒకటి మిగిలిపోయినా అంతే. అందుకే పోల్చడానికి ముందు రెండు వైపులా యూనికోడ్ రూపాన్ని ఒకటి చేయాలి, అదనపు ఖాళీలు తీసేయాలి. రెండు మూడు వరుసల పని. అది చేయకపోతే ఒక బైండ్ల కుటుంబం లెక్కలోంచి జారిపోతుంది.

దీనికి తిరగబడ్డ ప్రమాదమూ ఉంది. జాబితా మొత్తాన్ని ఒకే పొడవాటి వాక్యంలా ఫైల్‌లోంచి చదివి ‘ఇన్’ వాడితే, అప్పుడది పేర్లను పోల్చదు, అక్షరాల ముక్క ఎక్కడైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితాలో ‘మాదాసి కురువ’ ఉంది. కురువలు బీసీలు. ఈ పద్ధతిలో ‘కురువ’ అని అడిగినా ట్రూ వస్తుంది. ఇన్నేళ్లుగా సర్టిఫికెట్ల మీద వివాదం నడుస్తున్న పేరు విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు.

ఇక పేరు ఒక్కటే చూస్తే సరిపోతుందా? రాజ్యాంగంలోని 341, 342 అధికరణల కింద జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. లంబాడీలు తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతుల్లో ఉన్నారు. వలస వెళితే హోదా వెంట రాదని మర్రి చంద్రశేఖర్ రావు కేసులో 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వెతకాల్సింది పేరును కాదు, రాష్ట్రం-పేరు అనే జంటను. ఆ న్యాయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ.

2025 వర్గీకరణ చట్టం తర్వాత తెలంగాణలో ఉందా లేదా అన్నదీ చాలదు, ఏ గ్రూపు అన్నది కావాలి. అంటే సెట్ బదులు డిక్షనరీ: పేరు ఇస్తే గ్రూపు వస్తుంది. పేరు దొరకనప్పుడు ఏం ఇవ్వాలో కూడా ప్రోగ్రామర్ ముందే రాసిపెట్టొచ్చు. అక్కడ ‘ఇతరులు’ అని రాసి ఉంటే, స్పెల్లింగు తేడా ఉన్న ప్రతి దళిత కుటుంబమూ చప్పుడు లేకుండా ఇతరుల్లో కలిసిపోతుంది. ఎర్రర్ రాదు, ఫిర్యాదు చేయడానికి ఆధారమూ మిగలదు.

జాబితాను ఉన్నదున్నట్టే చదవాలని మిలింద్ కేసులో 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది కదా అనొచ్చు. ఆ తీర్పు జాబితాలో లేని తెగను ఉన్న పేరు కింద చేర్చడం గురించి. ఎన్యూమరేటర్ వేలు జారి పడిన ఖాళీ గురించి కాదు.

సర్వే సాఫ్ట్‌వేర్ మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టేవాళ్లు మూడు సంగతులు అడగాలని మా సూచన: ఏ తేదీ నాటి నోటిఫికేషన్‌లోని జాబితాతో పోల్చారు, ఫాల్స్ వచ్చిన రాతలు ఎన్ని, వాటిని ఏ ఖాతాలో వేశారు. కుటుంబం చెప్పిన మాటను చెప్పినట్టుగా విడి గడిలో భద్రపరిచారా అన్నది కూడా తప్పక అడగండి. అది ఉంటే ఎప్పుడైనా మళ్లీ సరిచూడొచ్చు.