బురదలో పులి జాడ

పిల్లలూ! మిరప తోటకు నీరు కట్టిన మర్నాడు పొద్దున్నే గట్టు మీద నడిచారా? తడి నేలలో కుక్క అడుగులు, పిల్లి అడుగులు, కొంగ కాళ్ల గుర్తులు కనబడతాయి. రాత్రి ఎవరొచ్చి వెళ్లారో ఆ నేలే చెబుతుంది. ఇలా జాడలు చదవడంలో ఆరితేరినవారు నల్లమల చెంచులు.

మన గుంటూరు మైదానం నుంచి వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా పడమటికి పోతే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం వస్తుంది. 1983లో దీన్ని పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. దోర్నాల–ఆత్మకూరు దారిలో బైర్లూటి దగ్గర అటవీశాఖ విడిది ఉంది. చేరువలోనే చెంచుగూడెం. తొమ్మిదో తరగతి పిల్లలతో నేనక్కడ ఒక రాత్రి బస చేశాను. తెల్లవారి జీపులో అడవి చూశాం. జింకలు కనబడ్డాయి గాని పులి కనబడలేదు. పిల్లలు చిన్నబోయారు.

అప్పుడు మాకు దారి చూపే చెంచు పెద్దాయన ఒక నీటికుంట పక్కన జీపు ఆపించి, "సారూ, రాత్రి వచ్చి నీళ్లు తాగి పోయింది" అన్నాడు.

ఎలా తెలిసింది? బురదలో నాలుగు వేళ్ల గుర్తులు, వెనక వెడల్పాటి అరికాలి గుర్తు ఉన్నాయి. గోళ్ల గీతలు లేవు. పులి తన గోళ్లను లోపలికి ముడుచుకుని నడుస్తుంది, అందుకే అవి అరగవు. కుక్క గోళ్లు లోపలికి పోవు కాబట్టి దాని అడుగులో గీతలు పడతాయి. ఎలుగుబంటికైతే ఐదు వేళ్లు, పొడుగాటి గోళ్లు. పైగా ఆ గుర్తు అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. ఎండకు ఆరితే అంచులు రాలిపోతాయి. కనుక అది కొత్త జాడ!

ఒకప్పుడు అడుగుజాడలతోనే పులులను లెక్కించేవారు. ఇందులో ఒక చిక్కుంది. మెత్తటి బురదలో అడుగు విచ్చుకుని పెద్దదిగా, గట్టి నేలలో చిన్నదిగా పడుతుంది. ఒకే పులిని రెండుగా లెక్కించవచ్చు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు ఉన్నాయనే లెక్కలు చెప్పాయి. తీరా 2005లో వెతికితే ఒక్కటీ లేదు! 2006 నుంచి దేశమంతటా కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో ముఖ్యమైనవి బాటకు రెండు వైపులా కట్టే కెమెరాలు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఒకే పులికి కుడి, ఎడమ పక్కల చారలూ వేరే.

మరి కెమెరా ఎక్కడ కట్టాలి? పులి నడిచే బాటలో. ఆ బాట తెలియాలంటే జాడ చదవడం రావాలి. అందుకే నల్లమలలో ఎందరో చెంచులు అడవి కాపలాదారులుగా పనిచేస్తున్నారు.

సాయంత్రం గూడేనికి వెళ్లాం. ఒక పిల్లవాడు ఫొటో తీయాలని ఫోను పైకెత్తి, ఎందుకో ఆగి, "తాతా, మీరు ఏ బడిలో చదివారు?" అని అడిగాడు. పెద్దాయన నవ్వి, "మా నాయన వెనకాల నడిచాను" అన్నాడు. వాడు ఫోను జేబులో పెట్టి, నోటుపుస్తకం తీశాడు. గూడెం వింతలు చూసే చోటు కాదు, నేర్చుకునే చోటని నేను చెప్పనక్కర లేకపోయింది.

మీరూ ఒక పని చేయండి. మీ ఇంటి కుక్కను తడి ఇసుక మీద, బురద మీద, గట్టి మట్టి మీద నడిపించి, ఒకే కాలి గుర్తులను స్కేలుతో కొలవండి. తేడా ఎంత ఉందో రాసుకోండి. సరిస్కా లెక్క ఎందుకు తప్పగలదో మీకే తెలుస్తుంది.