కత్తి కొనేముందు తోక చూడండి

భీమడోలు: తుపాను రాత్రి కొబ్బరిచెట్టు పశువుల పాక మీద పడితే ముందు వెతుక్కునేది కత్తినే. 1996 నవంబరు 6న కాకినాడ దిగువన తీరం దాటిన తుపానునూ, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్‌నూ చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ వేళ పిడి ఊడితే గేదె మాట అటుంచి, మీ వేళ్లకే ముప్పు. అందుకే కత్తిని కొనేటప్పుడే నాలుగు నిమిషాలు నిలబడి చూసుకోవాలి.

ఈమధ్య పట్నం కొట్లలో ‘అడవి కత్తి’ పేరుతో నల్లపూత పూసిన మందపాటి కత్తులు అమ్ముతున్నారు. వెన్ను మీద రంపపు పళ్లు, డొల్ల పిడిలో అగ్గిపుల్లలు, గాలం దారం, మూతకు దిక్సూచి. చూపుకు బాగానే ఉంటాయి. అలాంటిదొకటి, లారీ కమాను పట్టీతో కొలిమిలో చేయించినదొకటి పక్కపక్కన పెట్టుకుని, చెరువు గట్టున కొబ్బరి మట్టలూ వెదురూ కొట్టి చూశాను. తొలిచూపులో తేలిన సంగతులివి.

పిడి - తోక

కత్తి రేకులో పిడి లోపలికి దిగే భాగమే తోక. అది పిడి చివరిదాకా వెళ్లి, రివెట్లతో బిగిసి ఉంటే దెబ్బకు ఆగుతుంది. డొల్ల పిడిలో తోకకు చోటుండదు. వెదురు గణుపు మీద పది దెబ్బలు పడేసరికి అడవి కత్తి పిడి కదిలింది. కొలిమి కత్తికి తుమ్మకర్ర పిడి, మొదట్లో ఇనుప పొన్ను. అది కదల్లేదు.

బరువు

కత్తిని పిడి మొదట్లో వేలి మీద నిలిపి చూడండి. ముందుకు తూగితే నరకడానికి పనికొస్తుంది. వెనక్కి తూగితే చెక్కుడు పనికే. మరీ బరువైతే అరగంటకే మణికట్టు లాగేస్తుంది.

ఉక్కు

తుప్పు పట్టని ఉక్కులో క్రోమియం 10.5 శాతానికి తగ్గకుండా ఉంటుంది. కొల్లేరు పక్క తడి పనికి అది మేలే. కానీ చవకరకంలో కర్బనం తక్కువ కాబట్టి వాదర త్వరగా మొద్దుబారుతుంది. కమాను పట్టీలో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం. పదును నిలుస్తుంది. తుప్పు మాత్రం పడుతుంది. పని కాగానే తుడిచి కొబ్బరి నూనె రాయండి.

ఎంత మంచి ఉక్కయినా కాపు తప్పితే దండగే. అయస్కాంతం అంటుకోని వేడి (సుమారు 770 డిగ్రీలు) దాటాక నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే బీటలివ్వచ్చు. తర్వాత మళ్లీ సన్నగా కాచి, ఎండుగడ్డి రంగు దాటి ఊదా రంగుకు తేవాలి. ఈ రెండో కాపు లేని కత్తి గాజులా పెళుసు. వాదర మీద ఆకురాయి లాగి చూడండి. సులువుగా కోస్తే మెత్తన, బొత్తిగా జారిపోతే పెళుసు. కష్టంగా పట్టిందంటే సరైన కాపు.

ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన కమ్మరికి ఆ విద్య కొత్త కాదు. అడిగి చేయించుకోవాలి, అంతే.

జాగ్రత్తలు

సాన పట్టేటప్పుడు కత్తిని నీళ్లలో ముంచుతూ పట్టించండి. గ్రైండర్ మీద వాదర నీలం తిరిగితే ఆ చోట కాపు పోయినట్టే.

తీగలకు తగిలిన కొమ్మను ఎంత తొందరైనా కొట్టకండి. 1912కు ఫోన్ చేసి కరెంటు ఆపించాకే చెయ్యి వేయాలి.

తెగితే గుడ్డతో గట్టిగా నొక్కి రక్తం ఆపి, సబ్బు నీళ్లతో కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ధనుర్వాతం టీకా వేయించుకోండి.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం రేకు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు మించిన కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటికీ, వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. అయినా బస్సెక్కితే ఒరలో పెట్టి గోనెలో చుట్టుకోండి.

దిక్సూచి చూసి డబ్బు పెట్టొద్దు. మన ఊళ్లో దారి తెలియనిదెవరికి? ఆ డబ్బుతో కమాను పట్టీ కత్తి చేయించుకుని, వానలు ముదరకముందే సాన పట్టించి, పాకలో చేతికందే ఎత్తున, పిల్లలకు అందకుండా కట్టి ఉంచండి.