వానగాలిలో మూడంచెల పందెము

బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడినదని రేడియో వార్తలలో వినినంతనే కొల్లేటి సీమలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా ఆలోచింతురు. వరి కోసి పనలు చేనిలో వదలిన రైతు కుప్ప వేయుటను తలచును. చేపల చెరువుగల ఆసామి గట్టును తలచును. దోనెగల జాలరి నీటిమీది గాలిని తలచును. ఆ వార్తను శ్రద్ధగా వినవలసినవారు నేడు మరికొందరు కలరు. వారు ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని ఒక్క పందెముగా అభ్యసించువారు. వాన, గాలి, చలి ఒక్కటై వచ్చిన దినమున ఈ పందెగాని దేహమున ఏమి జరుగును? అతడు ఎట్లు మెలగవలెను? ఎప్పుడు ఆగవలెను? ఈ మూడు ప్రశ్నలను విచారింతము.

ఈ పందెమును ట్రయథ్లాన్ అందురు. 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియేగో నగరమున జరిగిన పందెము నేటి ట్రయథ్లాన్‌లకు మొదటిదిగా ఎన్నబడుచున్నది. 1978లో హవాయి ద్వీపములలో సుమారు 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.195 కిలోమీటర్ల పరుగు కలిపి 'ఐరన్‌మ్యాన్' అను దీర్ఘ పందెము ఆరంభమైనది. 2000 నాటి సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ట్రయథ్లాన్‌కు చోటు లభించినది. అందలి దూరములు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. 2019లో మన దేశమున గోవాలో ఐరన్‌మ్యాన్ దూరములలో సగము గల పందెము జరిగినది.

ఒలింపిక్ దూరములను మన సీమకు అన్వయించి చూతము. ఏలూరినుండి భీమడోలు వరకు పోయి తిరిగి వచ్చినచో సుమారు 40 కిలోమీటర్లగును. దానికి ముందు ఒకటిన్నర కిలోమీటర్ల ఈత. దానికి పిమ్మట, తాడేపల్లిగూడెమున యుద్ధకాలపు విమానాల బాటమీద ఉదయమున నడచువారు ఎరిగిన తిన్నని దారివంటి దానిపై పది కిలోమీటర్ల పరుగు. ఈ మూడింటి నడుమ విశ్రాంతి లేదు. బట్టలు మార్చుకొను కాలము కూడ పందెపు కాలమే.

"మన సీమలో చలి ఎక్కడిది?" అని కొందరు అడుగవచ్చును. ఏలూరు ప్రాంతమున పుష్యమాసపు వేకువలందైనను ఉష్ణమాపకము సాధారణముగా 18, 20 డిగ్రీలకంటె ఎక్కువ దిగదు. ఇది పొడి బట్ట కట్టుకొని నిలిచినవానికి హాయి. తడిసినవాని సంగతి వేరు. దీనిని తెలిసికొనుటకు మన ఇండ్లలోని మట్టి కూజాయే చాలును. వేసవిలో కూజాను గాలి తగులు కిటికీలో పెట్టుదుము. కూజా ఒడలు చెమ్మగిల్లును, గాలి ఆ చెమ్మను ఆవిరి చేయును, ఆ ఆవిరితో లోపలి నీటి వేడి తరలిపోవును. అందువలననే లోని నీరు బయటి గాలికంటె చల్లనగును. వానలో సైకిలు త్రొక్కు మనిషియు అట్టి కూజాయే. అతని తడి బట్టయే కూజా ఒడలు. అతని నెత్తురే లోపలి నీరు.

ఈ నష్టమును లెక్కగట్టవచ్చును. చర్మముపై ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. తడిసిన చొక్కాలో 200 గ్రాముల నీరున్నదనుకొందము. అది ఆరుటకు పట్టు వేడితో సుమారు ఒకటిన్నర లీటర్ల నీటిని మరుగుదాక కాచవచ్చును. ఆ వేడిలో అధికభాగమును దేహమే ఇచ్చుకొనవలెను. వాన కురియుచున్నంతసేపు చొక్కా ఆరదు, కావున ఈ వ్యయమునకు అంతు లేదు. ఈతలో నష్టము మరియొక తీరుగ జరుగును. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా దేహపు వేడిని లాగికొనును. ఒకే ఉష్ణోగ్రత గల గాలిలో సుఖముగానుండువాడు నీటిలో వణకుట ఇందువలననే. ప్రపంచ ట్రయథ్లాన్ నియమములలో నీరు 12 డిగ్రీలకంటె చల్లనైనచో ఈత రద్దు చేయవలెనని ఉన్నది. గాలి చల్లదనమును కూడ నీటి చల్లదనముతో కలిపి లెక్కింపవలెనని సైతము ఆ నియమములు చెప్పుచున్నవి.

ఇంత నష్టమున్నను పందెగాడు చలికి వెంటనే లొంగడు. కండరములు ఖర్చు చేయు శక్తిలో నాలుగవ వంతు మాత్రమే పనిగా మారును. మిగిలినదంతయు వేడియగును. ఆ వేడియే పందెగాని దుప్పటి. అది నేసిన దుప్పటి కాదు, కష్టించుచున్నంతసేపే ఉండునది. కాళ్ళు అలసి వేగము తగ్గినంతనే దుప్పటి పలుచనగును. సైకిలు చక్రమునకు గాలి పోయి దారిప్రక్క నిలిచినచో అది పూర్తిగా జారిపోవును. చలి, వాన, గాలి గల పందెమునకు వలసిన సూత్రము ఇదియే: మన అధిక వేగమునకు గాక, మనము మిక్కిలి అలసి నెమ్మదించు క్షణమునకు తగిన బట్ట కట్టుకొనవలెను.

ఈ సూత్రము మరచుటవలన కలిగిన ఘోరము ఒకటి లోకమునకు తెలిసినది. 2021 మే 22న చైనాలోని గాన్సూ రాష్ట్రమున, బైయిన్ నగర సమీపమున, 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగినది. 172 మంది బయలుదేరిరి. అనేకులు పలుచని చొక్కాలు, పొట్టి లాగులు మాత్రమే ధరించిరి. కొండపై వారు ఉండగా చలిగాలి, వాన, వడగండ్లు విరుచుకొనిపడెను. 21 మంది మరణించిరి. వారిలో దేశమున పేరుపొందిన పరుగుగాండ్రు కలరు. దేహబలము గలవారే నేలకొరిగిరి. బలముచేత వేడి పుట్టును గాని, బలము తడిని ఆపలేదు.

ఇక పందెపు మూడు అంచెలను వరుసగా చూతము.

మొదటిది ఈత. చల్లని నీటిలో ఒక్కసారిగా దూకినచో ఊపిరి ఎగసిపడును. ఆ మొదటి నిమిషములలో నోట నీరు పోవు ప్రమాదము కలదు. ముందుగా ముఖము, మెడ తడుపుకొని, నెమ్మదిగా దిగి, ఊపిరిని నీటిలోనికి మెల్లగా వదలుచు సాగవలెను. ఎక్కడ ఈదవలెనన్న విషయమున మన సీమలో మరింత జాగ్రత్త వలయును. కృష్ణ, గోదావరి కాలువలు ఏలూరిలో కలియుచున్నవి. వానకాలపు కాలువ వడి మనిషి బలమునకు లొంగునది కాదు. బుడమేరు, తమ్మిలేరుల నీరు చేరు కొల్లేరు లోతు తక్కువైన సరస్సు. 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల పట్టికకెక్కిన ఆ జలము పక్షులకు నెలవు. గుర్రపుడెక్క, పట్టణపు మురుగు, చెరువుల నీరు చేరుచోట ఈత పందెము తగదు. ఈత కొలనే మేలు. ఎక్కడ ఈదినను, ఉరుము వినబడినంతనే నీటినుండి వెలికి రావలెను. బయలుగట్టుపై నిలువరాదు. ఒంటరి తాటిచెట్టు నీడకు పోరాదు.

రెండవది సైకిలు. తడి దేహముతో గాలికి ఎదురేగునది ఇచ్చటనే కావున చలి బాధ అధికముగా ఉండునదియు ఇచ్చటనే. నీటినుండి వచ్చినవాడు అర నిమిషము వ్యయించి ఒడలు తుడుచుకొని, గాలి చొరని పలుచని జాకెట్టు తొడిగికొనుట నష్టము కాదు. నూలు బట్ట వేసవిలో మనకు వరము. వానలో అది నీరు పట్టి భారమగును. జాకెట్టు లేనిచో రొమ్మునకు, చొక్కాకు నడుమ ఒక వార్తాపత్రికను మడచి ఉంచుట పాత సైకిలు పందెగాండ్ర ఉపాయము. చదివి ముగించిన పిమ్మట ఈ పత్రికయు అందులకు పనికివచ్చును.

కొల్లేటి సీమలో గాలికి అడ్డు లేదు. చెరువులు, వరిచేలు, గట్లపై ఎత్తుగా సాగు రోడ్లు, అన్నియు బయలే. గాలిలేని దినమున గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవువానికి అంతే వేగముగల ఎదురుగాలి వచ్చినచో, అతనికి తగులు గాలి 40 అగును. గాలి వేగము రెట్టింపైనచో దాని అడ్డు నాలుగింతలగును. ఏలూరినుండి భీమడోలు దారి ఇంచుమించు ఈశాన్యమునకు సాగును; కార్తీక, మార్గశిరములలో ఈశాన్యపు గాలి ముఖమునకే కొట్టును. పోవునప్పటి నష్టము వచ్చునప్పుడు తీరునని తలచువారు ఈ లెక్క చూడవలెను. నిశ్చలముగా ఉన్ననాడు గంటకు 30 చొప్పున రానుపోను 80 నిమిషములు పట్టును. గాలినాడు పోవునప్పుడు 20, వచ్చునప్పుడు 40 చొప్పున సాగినను 60, 30 కలిసి 90 నిమిషములగును. గాలి తీసికొన్నదంతయు తిరిగి ఈయదు. కావున ఎదురుగాలిలో వేగమును చూచుకొనక, శ్రమను సమముగా ఉంచుకొని, దేహము వంచి సాగవలెను.

తడి రోడ్డు వేరొక శత్రువు. చక్రపు అంచును పట్టు బ్రేకులు తడిలో ఆలస్యముగా పట్టును. వాటిని ముందుగానే మెల్లగా నొక్కవలెను. తెల్లరంగు గీతలు, ఇనుప మూతలు, ట్రాక్టర్లు వదలిన నల్లరేగడి, చేపల లారీలనుండి కారిన నీరు జారుడు స్థలములు. రైలు పట్టాలను అడ్డముగా, తిన్నగా దాటవలెను. వ్రేళ్ళు కొంకర్లు పోయినచో బ్రేకు నొక్కుటయే కష్టమగును. చలినాడు చేతి తొడుగులు అలంకారము కావు.

మూడవది పరుగు. ఇందు గాలి తాకుడు తగ్గి, వేడి పెరిగి, దేహము తేరుకొనును. కాని ఇంధనము తరిగినవాడు ఇచ్చటనే నడకకు దిగును, దుప్పటి జారునది అప్పుడే. వణకుట కూడ శక్తిని తినివేయు పనియే. చలిలో దాహము తెలియదు, ఆకలి తెలియదు. ఆకలి కాకున్నను గడియారము చూచి అరటిపండో, బెల్లపు ముక్కో తినుచుండవలెను.

2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ చలివానలో, ఎదురుగాలిలో జరిగినది. ప్రసిద్ధులు పలువురు మధ్యలోనే మానుకొనిరి. స్త్రీలలో గెలిచిన డెజిరే లిండెన్ పట్టిన కాలము 2 గంటల 39 నిమిషముల 54 సెకనులు. 1978 తరువాత అచ్చట స్త్రీలలో విజేత అంత నెమ్మదిగా ముగించిన ఏడు లేదు. అట్టి దినమున నిన్నటి కాలములను మరచినవారే నిలుతురు.

ఇక ఆగవలసిన సమయము. దేహపు లోపలి వేడి సాధారణముగా 37 డిగ్రీలు. అది 35కు దిగినచో అపాయము మొదలైనట్లు. దానికి గుర్తు మూడు తడబాటులు: చేయి తడబడును, మాట తడబడును, అడుగు తడబడును. జాకెట్టు గుండీ పెట్టుకొనలేనివాడు, పేరు అడిగినచో నత్తిగా చెప్పువాడు, తిన్నని దారిపై తూలువాడు పందెమునుండి తప్పుకొనవలెను. ఆ స్థితిలో మనస్సు కూడ మందగించును. "నాకేమియు లేదు" అని అతడే చెప్పును. కావున నిర్ణయము ప్రక్కవారిది. మిక్కిలి వణకినవాడు వేడెక్కకుండగనే వణకు మానినచో అది నయమగుట కాదు, మరింత అపాయము. తడి బట్ట తీసి, పొడి దుప్పటి కప్పి, గాలి తగులని చోట పరుండబెట్టి, తెలివిగలవానికి తీపి వేడి పానీయము ఈయవలెను. కాలుసేతులను గట్టిగా రుద్దరాదు. సారాయి ఈయరాదు, అది చర్మమునకు నెత్తురును మళ్ళించి లోపలి వేడిని వెలికి పంపును. తెలివి తప్పినవానిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

పందెము నడుపువారికిని బాధ్యత కలదు. దిగినవారిని, ఎక్కినవారిని లెక్కించుట, పడవలు, దుప్పట్లు, వాహనములు సిద్ధముగా ఉంచుట, అవసరమైనచో ఈతను మాని పరుగును చేర్చుట లేక పందెమునే ఆపుట వారి పని.

ఈ మాటలు పందెగాండ్రకు మాత్రమే కాదు. ముసురులో నాట్లు వేయు కూలి, వేకువ దోనెలో పోవు జాలరి, తడిసి ఇల్లు చేరిన బడిపిల్ల, వీరి దేహములకును ఇదే ధర్మము. బక్కపలుచనివారు, పిల్లలు త్వరగా చల్లబడుదురు. వారికి మొదట వలసినది మందలింపు కాదు, పొడి బట్ట.

ఆగుటను అవమానముగా తలచువారు ఆరతీ సాహా చరిత్రను జ్ఞప్తియందుంచుకొనవలెను. ఈ కలకత్తా యువతి 1959 ఆగస్టులో ఇంగ్లీషు చానలు ఈదబూని, ఇంగ్లండు తీరము కొద్ది మైళ్ళ దూరమున ఉండగా, ప్రవాహము ఎదురుతిరిగినందున విరమింపవలసి వచ్చినది. ఆమె మరల సెప్టెంబరు 29న నీట దిగి, 16 గంటల 20 నిమిషములలో ఆ చల్లని చానలును దాటి, ఆసియా స్త్రీలలో ప్రథమురాలయ్యెను. ఆగస్టులో ఆగినందువలననే ఆమెకు సెప్టెంబరు దక్కినది.